నడుములోతు నీళ్ళలో మేమిద్దరం

మొన్న నెల్లూరు నుంచి మా మరిది కూతురు వీడియో కాల్ చేసింది. దానికిప్పుడు అయిదో నెల. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, వెనకాల నీలం పలకల ఈతకొలను చూపిస్తూ, "పెద్దమ్మా, ఇక్కడ కడుపుతో ఉండేవాళ్ళకి నీళ్ళలో ఎక్సర్‌సైజులు చేయిస్తా ఉండారు. మీ కాలంలో ఇట్టాంటివి యాడుండాయిలే" అనింది. నేను నవ్వి ఊరుకున్నాను. అది కడుపులో ఉండగా వాళ్ళమ్మ రెండున్నర నెలలు నీళ్ళలో నడిచిందని, ఆమెను పట్టుకున్న చెయ్యి నాదేనని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఫోను పెట్టేశాక ఆ పూట నాకు ఏ పనీ తోచలేదు. నా తోడికోడలే కళ్ళ ముందు మెదిలింది.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో మా ఊరు. మెట్టపొలాలు, గొర్రెలు, బోరు కింద రెండెకరాల నిమ్మతోట. మనిషి సరదాకు దిగేంత నీళ్ళు చూడాలంటే సంగంలో పెన్నేటి దాకా బస్సెక్కాల్సిందే. నేను ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. కడుపుతో ఉన్నవాళ్ళను తూకం వేసి, గుడ్లిచ్చి, జాగ్రత్తలు చెప్పేది నేనే. నాకు మాత్రం అప్పటికి పెళ్ళయి పదకొండేళ్ళయినా కడుపు పండలేదు. నా మాట వినేటప్పుడు కొందరు ఆడవాళ్ళు కొంగుతో పొట్ట కప్పుకునేవాళ్ళు. చూడనట్టే రిజిస్టరు రాసుకునేదాన్ని.

తోడికోడలు కొండాపురం పిల్ల, నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. అది నవ్విందంటే కట్టేసిన గొర్రెలు కూడా తలెత్తి చూసేవి. ఆరో నెల దాటేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. నడుము నొప్పి, తుంటి నొప్పి, కాళ్ళు వాపు. మంచం మీద నుంచి లేవాలంటే ఇద్దరు పట్టాలి. ఆత్మకూరులో డాక్టరమ్మ బీపీ, రక్తం అన్నీ చూసి భయం లేదని తేల్చి, "నీళ్ళలో నడిపించండి, ఆమె బరువును నీళ్ళు మోస్తాయి" అన్నది. ఒంటరిగా దిగనివ్వద్దని, దూకడాలూ మునగడాలూ వద్దని, నడుస్తూ మాట్లాడగలిగినంత నిదానంగానే నడవాలని చెప్పింది. పొట్ట నొప్పి పుట్టినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, కళ్ళు తిరిగినా వెంటనే బయటికి తెచ్చి తన దగ్గరికి తీసుకురమ్మన్నది.

తోటలో బోరు పక్కన పడకటిల్లంత సిమెంటు తొట్టి ఉండేది. రెండు రోజులు కూర్చుని దాని పాచంతా గీకాను. మెట్ల మీద కాలు జారకుండా గోనెపట్టా పరిచాను. పొద్దున కరెంటు వచ్చినప్పుడు కొత్త నీళ్ళు పట్టి, మోటారు ఆపి, ఫ్యూజు కూడా పీకి పక్కన పెట్టేదాన్ని. సాయంత్రానికి నీళ్ళు ఎండకి గోరువెచ్చగా అయ్యేవి. మా అత్తకు ఇదంతా నచ్చలేదు. "కడుపుతో ఉండేదాన్ని తొట్లోకి దించేది యాడన్నా ఉండాదా? అందులోనూ నువ్వు పట్టుకునేదేంది?" అనింది. మొదటి ప్రశ్నకు డాక్టరమ్మ మాట చెప్పాను. రెండోది విననట్టే గోనెపట్టా సర్దాను.

మొదటిరోజు నీళ్ళు నడుము దాటగానే నా తోడికోడలు ఆగిపోయి, కళ్ళు పెద్దవి చేసి, "అక్కా, నా బరువు యాడికి పోయింది?" అనింది. ఎన్నో రోజుల తర్వాత నవ్వింది. ఆ రోజు నుంచి సాయంత్రం పూట అరగంట, ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా చేతిలో. ఈ చివరి నుంచి ఆ చివరికి నడక, గోడ పట్టుకుని మోకాళ్ళు ఎత్తడం, చేతులు చాపి నీళ్ళను నెట్టడం. ఆయాసం తెలియడానికి దాన్ని మాట్లాడించేదాన్ని. వాళ్ళ ఊరి సంగతులన్నీ నాకు అలా తెలిశాయి. ఒకరోజు నడుస్తూ నడుస్తూ నా చెయ్యి లాగి నీళ్ళలోనే తన పొట్టకు ఆనించుకుంది. లోపల బిడ్డ తన్నింది. తోడికోడలు నవ్వుతూ ఉంది. నేను ముఖం కడుక్కున్నాను, ఏడుస్తున్నానని తెలియకుండా.

ఎనిమిదో నెల మొదట్లో ఒక సాయంత్రం అది నడక ఆపి, "అక్కా, పొట్ట గట్టిపడతా ఉండాది" అనింది. మెల్లగా మెట్లెక్కించి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, నీళ్ళు తాగించి, ఆటో పిలిపించాను. ఆత్మకూరు దాకా దాని తల నా ఒళ్ళోనే ఉంది. దారి పొడవునా పొట్ట మీద చెయ్యి తియ్యలేదు నేను. డాక్టరమ్మ చూసి, బిడ్డ బాగుందని, వెంటనే ఆపడం మంచిదయిందని, నాలుగు రోజులు పడుకుని మళ్ళీ దిగవచ్చని చెప్పింది. ఇంటికి రాగానే మా అత్త అందరి ముందూ, "దీని చెయ్యి పడబట్టే" అనేసింది. నేను దొడ్లోకి పోబోయాను. నా తోడికోడలు మంచం పట్టె పట్టుకుని తనంతట తనే లేచి నిలబడింది. "అత్తా, అక్క పట్టుకుంటేనే నేను దిగేది. అక్క పట్టుకుంటేనే నేను కనేది కూడా" అనింది. మా ఇంట్లో అత్తకు ఎదురు చెప్పినవాళ్ళను అంతకుముందు నేను చూడలేదు. అయిదోరోజు సాయంత్రం మేం మళ్ళీ తోటకు పోయినాం. అత్త తువ్వాలు తెచ్చి నా భుజాన వేసింది.

నెలలు నిండి, ఆత్మకూరులోనే ఆడబిడ్డ పుట్టింది. నర్సు బయటికి తెస్తే మొదట ఎత్తుకున్నది నేనే. బిడ్డకు మూడు నెలలప్పుడు మా మరిదికి నెల్లూరులో డ్రైవరు పని దొరికి వాళ్ళు వెళ్ళిపోయారు. గొడవల్లేవు, పంపకాల్లేవు. ఊరికే వెళ్ళిపోయారు. మొదట్లో రోజూ ఫోను, తర్వాత పండక్కి, ఇప్పుడు నా తోడికోడలూ నేనూ కలిస్తే మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడుకుంటాం. నాకు పిల్లలు కలగలేదు. వాళ్ళు వెళ్ళిన వారానికి ఒక సాయంత్రం నేనొక్కదాన్నే తొట్టిలో దిగాను. గోడ పక్కన ఒక మనిషికి చోటు వదిలి నడుస్తున్నానని నాలుగో చుట్టులో గానీ తెలియలేదు. బిడ్డ కోసం ఎదురుచూసిన ఏళ్ళు ఎట్లా గడిచాయో ఇప్పుడెవరైనా అడిగితే చెప్పలేను. ఆ రెండున్నర నెలల్లో ఏ సాయంత్రం గురించి అడిగినా చెప్పగలను.