సమానంగా పెట్టిన నీళ్ళు

మొన్న మధ్యాహ్నం మా వీధి చివర ఒక ట్రాక్టర్ పంక్చరై ఆగిపోయింది. ట్రాలీ నిండా చీనీ మొద్దులు. బయటి జిల్లాలవాళ్ళు బత్తాయి అంటారే, ఆ చెట్లవి. నిలువునా ఎండిపోయాక నరికి ఇటుక బట్టీకి తోలుతున్నారు. ఎంత ఎండినా ఆ కట్టె వాసన చావదు. ఎండ తగిలేకొద్దీ బెరడులోంచి చేదూ పులుపూ కలిసిన ఘాటు ఒకటి పైకి లేస్తుంది. డ్రైవర్ జాకీ కోసం ఎవరికో ఫోన్ చేసి అరుస్తున్నాడు. నేను అతనికి సాయం చేయడం మానేసి ట్రాలీ పక్కన నిలబడి ఆ వాసన పీలుస్తూ ఉండిపోయాను. ఈ ఊళ్ళో ఎవరికైనా చీనీ అంటే కాయ గుర్తొస్తుంది. నాకు ఈశ్వరరెడ్డన్న గుర్తొస్తాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇంత కాలమైనా ఆయన మీద నాకు ప్రేమా తగ్గలేదు, కోపమూ తగ్గలేదు.

మాది ధర్మవరం. మగ్గం మీద పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం ఇక తిండి పెట్టదని తేలిపోయాక, పెళ్ళాం ముందు ఖాళీగా కూర్చోలేక, ఎవరో చెబితే యాడికి అనే ఊరి దగ్గర ఈశ్వరరెడ్డన్న ముఠాలో చేరాను. చీనీ తోటల్లో చెట్లు కత్తిరించే ముఠా అది. కాపు దిగిపోయాక ఎండుపుల్లలు తీసేయాలి. మొదలు నుంచి నిటారుగా లేచి చెట్టు బలమంతా తాగేసే నీటికొమ్మలు కోసేయాలి. కోసిన ప్రతి గాయానికీ సున్నమూ మైలుతుత్తమూ కలిపిన నీలం ముద్ద పూయాలి. మొదటి రోజు ఆయన నా చేతులు తిప్పి చూశాడు. "మగ్గం చేతులా? అయితే నీకి తొందర ల్యాదులే. చెట్టు కాడ తొందరోడు నాకొద్దు" అన్నాడు. ఉద్యోగానికి అంతకు మించిన పరీక్ష ఏదీ పెట్టలేదు. పొట్టి మనిషి, ఎప్పుడూ భుజం మీద తువ్వాలు, మాట కటువు. ఊళ్ళోవాళ్ళు ఎగతాళిగా చెట్ల డాక్టరు అనేవాళ్ళు. ఆయన కోప్పడేవాడు కాదు. "డాక్టర్నే. పేషెంట్లే సరిగ్గ ల్యారు" అనేవాడు.

ఆయన ఈ పనిలోకి రావడం వెనక ఒక తోట ఉంది. ఆయన సొంత తోట. బోరు ఎండిపోయిన ఏడాది, ఆయనా ఆయన భార్యా ట్యాంకరు తెప్పించి ప్రతి చెట్టుకూ ఒకే కొలత పోశారట. ఏ చెట్టుకూ తక్కువ కాకుండా, ఏ చెట్టుకూ ఎక్కువ కాకుండా. ఈ ప్రాంతంలో నీళ్ళ దగ్గర అన్యాయం చేసినవాణ్ణి జనం బతికున్నంతకాలం తిడతారు కదా, చెట్లకు కూడా అన్యాయం చేయకూడదనుకున్నారు. ఆ కాసిని నీళ్ళు పైమట్టిని తడిపి ఊరుకున్నాయి. వేళ్ళ దాకా దిగలేదు. తోట మొత్తం ఒక్క చెట్టు మిగలకుండా పోయింది. ఇదంతా ఆయన నాకు చెప్పింది ఒక తోట గట్టు మీద సద్ది తింటున్నప్పుడు, రొట్టె తుంచుకుంటూ, ఎవరి తోట గురించో చెబుతున్నట్టు. "సగం ఇడ్సిపెట్టింటే సగం బతికుండేవి. నాకి తెలీదప్పా. తెలిసినా చేసిండేవాన్ని కాదేమో" అన్నాడు. ఆ చివరి మాట మీద నేను అప్పుడు పెద్దగా ధ్యాస పెట్టలేదు.

అందుకే కరువు ఏట ఏ తోటకు పిలిచినా ఆయనకొక పద్ధతి ఉండేది. కత్తెర బయటికి తీసే ముందు సున్నం కలిపిన ముంత ఒకటి రైతు చేతికి ఇచ్చేవాడు. నీ బోరులో ఉన్న నీళ్ళకు ఎన్ని చెట్లు బతుకుతాయో నేను చెబుతాను, మిగతావాటికి నువ్వే సున్నం పూయాలి అనేవాడు. సున్నం పూసిన చెట్లను మొదలుకు కోసేసేవాళ్ళం. మిగిలినవాటి తలలు బాగా తగ్గించి, పాదుల్లో శనక్కాయ పొట్టు మందంగా పరిచి, ఉన్న నీళ్ళన్నీ వాటికే తిప్పేవాళ్ళం. ఏ చెట్టు పోవాలో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "పెంచింది నువ్వు. నా నోటితో యాల చెప్పిస్తావు?" అనేవాడు. ఎంత మొండి రైతయినా ముంత పట్టుకుని తోటలోకి నడిచాక మొదటి చెట్టు దాటేసి పోయి, మళ్ళీ వెనక్కొచ్చేవాడు. ఒకాయన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, దాని మీద చెయ్యి వేసి, క్షమించమన్నట్టు ఏదో గొణిగి మరీ పూశాడు. మేం దూరంగా కూర్చుని తలలు వంచుకునేవాళ్ళం.

శింగనమల వైపు నరసింహులు అనే రైతు మాత్రం ముంత ముట్టుకోలేదు. భార్య లక్ష్మీదేవి పక్కనే నిలబడి ఉంది. "మా పిల్లోల్ల లెక్క సాకినాం అన్నా. ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని ఎండబెట్టల్లంటే నాకి చేతులు రావు. అన్నిటికీ సమానంగా పెట్టుకుంటాం" అన్నాడు నరసింహులు.

"సమానంగా పెడితే సమానంగా సస్తాయి" అన్నాడు ఈశ్వరరెడ్డన్న.

"సస్తే సచ్చినాయి. నేను సంపినానని ఉండదు గదా."

లక్ష్మీదేవి ఒక్కసారి ముంత వైపు చూసింది. చెయ్యి చాచబోయి భర్త మొహం చూసి ఆగిపోయింది. మేం సామాన్లు సర్దుకుని వచ్చేశాం. మళ్ళీ ఎండాకాలం రాకముందే ఆ తోట నుంచి పిలుపొచ్చింది, మొత్తం కొట్టేయడానికి. కోత జరుగుతున్నంతసేపూ నరసింహులు బయటికి రాలేదు. లక్ష్మీదేవి వచ్చి మాకు నీళ్ళిచ్చి, "ఆ పొద్దు నేనన్నా పూసింటే పోయేది" అంది. ఈశ్వరరెడ్డన్న ఆ నీళ్ళు తాగి చెంబు తిరిగిచ్చాడు. ఇంటికొచ్చే దారిలో మాత్రం జీపులో అందరూ వినేటట్టు, "మనసు మెత్తనోడు తోట పెట్టగూడదు" అన్నాడు. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. ఆయన కంటే ఎక్కువగా నేనే పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

తర్వాత వరసగా చెడ్డ ఏళ్ళు వచ్చాయి. తోటలే లేకపోతే కత్తిరింపు ఎక్కడిది? ఎండినవాటిని పెకిలించడానికి జేసీబీలు వచ్చాయి, మా గొడ్డళ్ళతో పనిలేదు. మా ముఠాలో పద్నాలుగు మందిమి. పొద్దున్నే జీపు దగ్గర చేరేవాళ్ళం, ఎండ ముదిరేదాకా బీడీలు కాల్చుకుని ఇళ్ళకు పోయేవాళ్ళం. అప్పుడు అనంతపురం టౌన్లో ఒక పని దొరికింది. కొత్త కాలనీల్లో రోడ్ల పక్కన పెరిగిన పెద్ద నిద్రగన్నేరు చెట్లను ఇళ్ళ మీదికి రాకుండా తగ్గించే పని. దానికి అయిదుగురు చాలు. అదీ తాడు కట్టుకుని ఎత్తుకెక్కి, పైన నిలబడి కోయగలిగిన అయిదుగురు. చీనీ చెట్టు మనిషి ఎత్తుకు అటూ ఇటూ. దాని కింద బతుకంతా గడిపినవాడికి నిద్రగన్నేరు చెట్టు వేరే లోకం.

నేను ఆయన్ను పక్కకు పిలిచాను. "అన్నా, ఏరాల్సిన టయిం వచ్చింది. అయిదుగురిని పెట్టుకో. మిగతావాళ్ళకు ఈ పొద్దే చెప్పు. వాళ్ళు బెంగుళూరికి పోతారో, యాడికి పోతారో, వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారు" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవుర్ని పొమ్మందాం?"

"నన్ను కూడా పొమ్మను. నాకేం ఎక్కువ తెలుసని?"

"అట్ల కాదప్పా. తిప్పయ్య ఉండాడు. నా తోట ఎండినప్పటినుంచి నాతో ఉండాడు. వాన్ని ఎట్ల పొమ్మనల్ల?"

తిప్పయ్య మా అందరిలో పెద్దవాడు. కోసిన కొమ్మలు మోసేవాడు, పాదులు చేసేవాడు, నీలం ముద్ద కలిపేవాడు. నవ్వితే పైపళ్ళు రెండు లేవు. అతన్ని పొమ్మనడం ఎంత కష్టమో నాకూ తెలుసు. తెలిసే చెప్పాను. ఈశ్వరరెడ్డన్న రెండు రోజులు ఆలోచించి మూడో రోజు జీపు దగ్గర అందరికీ చెప్పాడు: "ఎవురూ పోవద్దు. వంతులేసుకుందాం. ఉండే పని అందరికీ సమానంగా." అందరి మొహాలూ వెలిగాయి. తిప్పయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రైతులందరికీ ముంత ఇచ్చి తోటలోకి పంపిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి నరసింహులు అయిపోయాడు. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన, "చెట్లు వేరు, మనుషులు వేరు గదప్పా" అన్నాడు. ఎంతో సుళువుగా అన్నాడు. అంతకంటే మంచి సమాధానం ఈ లోకంలో ఉండదన్నట్టు అన్నాడు. అక్కడున్నవాళ్ళలో ఒక్కరైనా కాదనలేదు.

వంతులతో ఎవరి కడుపూ నిండలేదు. వారానికి రెండు రోజుల పని ఎవరినీ బతకనివ్వలేదు, అలాగని ఊరు విడిచి పోనివ్వలేదు. పై వారం పని పెరుగుతుందేమోనని అందరూ ఆశగా వేలాడారు. ఎక్కడం వచ్చినవాళ్ళు కిందా, రానివాళ్ళు పైనా ఉండే రోజులు వచ్చాయి. వంతు అంటే వంతే మరి. ఎక్కినవాడికి కాస్త ఎక్కువ కూలి కాబట్టి అదీ అందరికీ రావాలన్నారు. ఈశ్వరరెడ్డన్న కింద నిలబడి గొంతు పోయేలా అరుస్తూ ఒక్కొక్కరికీ అడుగు ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు. తిప్పయ్య వంతు వచ్చిన రోజు నేను వద్దన్నాను. "నా వంతు నువ్వు తింటావా?" అని తిప్పయ్య నా మీదే లేచాడు. అతని ఇంట్లో పొయ్యి ఎలా ఉందో నాకు తెలియదు కదా. నిద్రగన్నేరు కొమ్మ చూడటానికి లావుగా ఉంటుంది, లోపల పెళుసు. తాడు కట్టుకున్న కొమ్మా, నిలబడ్డ కొమ్మా ఒకటే. రెండూ కలిసే విరిగాయి. సిమెంటు రోడ్డు మీద పడ్డాడు. ఆస్పత్రి దాకా ప్రాణం ఉంది. ఈశ్వరరెడ్డన్న అతని తల ఒళ్ళో పెట్టుకుని, "యాడుంది నొప్పి, యాడుంది చెప్పురా" అని అడుగుతూనే ఉన్నాడు.

తిప్పయ్య భార్య ఈశ్వరరెడ్డన్నను ఒక్క మాట కూడా అనలేదు. పైగా, "మీరు ఆయన్ను ఇడ్సిపెట్టలేదు సామీ" అని దండం పెట్టింది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. తిట్టాల్సిన పని నేను చేశాను. మట్టి చేసి వస్తుంటే, "ఆ పొద్దు పొమ్మనుంటే తిట్టుకుంటా యాడో ఒకచోట బతికుండేవాడు" అన్నాను. అన్నందుకు నేనేమీ చింతించడం లేదు. అది అబద్ధమైతే బాగుండేదని మాత్రం అనుకుంటాను. ఆ మర్నాడు ఆయన జీపు అమ్మేశాడు. ముఠా చెదిరిపోయింది. పద్నాలుగు మందిలో ఎవరికీ ఏమీ మిగల్లేదు, తోటలో మాదిరే.

తర్వాత నేను టౌన్లో సొంతంగా ఇదే పని మొదలుపెట్టాను. ముగ్గురం. ఈశ్వరరెడ్డన్న మంచాన పడ్డాడని తెలిసి ఆ యాడికి ఊరు వెళ్ళి చూశాను. మనిషి సగమయ్యాడు. పని ఎలా ఉందని అడిగాడు, ఎంతమందిమి అని అడిగాడు. ఆ తర్వాత అన్నాడు: "నీకి చాతనయితాది. పని తగ్గినప్పుడు ఏరుకో. ఎవుర్నో ఒకర్ని పొమ్మను. కానీ వాని మొగం జూసి చెప్పు. వేరేవాల్లతో చెప్పించొద్దు." నేను సరేనన్నాను. "నన్ను తిట్టినావు గదా, ఆ పొద్దు. వాళ్ళు నిన్ను అంతకన్నా తిడతారు. తిట్లు తిను. అది నీ పని" అన్నాడు. తిట్లు తినమని ఆశీర్వదించినవాణ్ణి ఆయన్ను తప్ప నేనెవరినీ చూడలేదు.

ఈ ఎండాకాలం పని సగానికి సగం పడిపోయింది. సుంకన్నను పొమ్మన్నాను. మంచివాడు, నవ్వుతూ పనిచేసేవాడు, మడకశిర నుంచి వచ్చి నా దగ్గర మూడేళ్ళు ఉన్నాడు. ఎత్తు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి, అంతే. ఇంటికి పోయి, ఎదురుగా కూర్చుని, మొహం చూసి చెప్పాను. "నేనేం తప్పు చేసినాన్నా?" అన్నాడు. ఏ తప్పూ చేయలేదన్నాను. "మరి?" అన్నాడు. వాళ్ళమ్మ లోపల్నుంచి వచ్చి, నా పిల్లలు కూడా ఇలాగే వీధిలో పడాలని శాపనార్థాలు పెట్టింది. కూర్చుని అన్నీ విన్నాను. ఈశ్వరరెడ్డన్న ఎందుకు చేయలేకపోయాడో ఆ గుమ్మం దిగుతున్నప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనా ఆయన్ను క్షమించలేకపోయాను.

సుంకన్న ఇప్పుడు బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాను. నా నంబరు చూసి కట్ చేస్తాడు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. కట్ కాగానే ఫోన్ జేబులో వేసుకుని పనిలోకి పోతాను. కట్ చేశాడంటే బతికే ఉన్నాడు.