మా అత్త మరవని తమ్ముడు

ఈ రోజు పెత్రమాస, పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య. చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చిన పంతులుగారి ముందు బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవాలి. నా జ్ఞాపకం తాతయ్య దగ్గరే ఆగిపోతుంది. బడి గడప తొక్కని మా మేనత్త మాత్రం కుర్చీలోంచే పద్నాలుగు పేర్లు చెప్పింది. ఎవరు ఏ వయసులో, ఎలా పోయారో కూడా ఎవరూ అడగకుండానే చెప్పింది. పంతులుగారు రెండుసార్లు గడియారం చూశారు. నాకు మాత్రం గర్వంగా ఉంది. ఆ గర్వానికి కారణముంది.

నాలుగేళ్ల కిందట నా కూతురు బడిలో పరుగుపందెం మధ్యలో కుప్పకూలింది. నిమిషంలో లేచి కూర్చుంది కాబట్టి పొద్దున టిఫిన్ తినకపోవడమే కారణమని తీర్పు చెప్పాను. మా ఆవిడ దిష్టి తీసింది. నెల తిరగకుండానే, మళ్లీ పరుగెత్తుతూనే పడింది. అప్పుడు నా తీర్పులు కట్టిపెట్టి నారాయణగూడలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. మా మీద నమ్మకం లేక అత్త కూడా వచ్చింది.

పడేముందు ఏం చేస్తున్నావు, కళ్లు తిరిగాయా, గుండె దడ వచ్చిందా అని డాక్టరమ్మ పాపనే అడిగింది. తర్వాత నావైపు తిరిగి, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అంది.

"లేదండీ, మా వంశంలో గుండెజబ్బే లేదు" అన్నాను, ఏదో బిరుదు చెప్పుకున్నట్టు.

"ఏంది లేదు? నా తమ్ముడు లేడా?" అంది అత్త.

"ఆయన బావిలో మునిగి పోయాడు కదా అత్తా!"

"ఈతొచ్చిన పిలగాడు మునుగుడేంది? దుంకిండు, మళ్ల పైకి రాలె. గంతకుముందు ఉరుకంగ ఉరుకంగ రెండుసార్లు ఇట్లనే పడ్డడు బిడ్డా. అందరు ఫిట్సన్నరు. నా మాట ఎవరిన్నరు?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "అమ్మా, మళ్లీ మొదటినుంచి చెప్పండి" అంది. పన్నెండేళ్లకే ఆ తమ్ముడు పోయి అప్పటికే యాభై ఏళ్లు దాటింది. అత్త నిన్న జరిగినట్టు చెప్పింది. మా ఇంట్లో ఆ మాటెత్తితే చాలు, పాత ఏడుపు ఎందుకని నోరు మూయించేవాళ్లం. అందులో నేనూ ఉన్నాను.

ఈసీజీ తీశారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి పాపకు ఎక్కువ సమయం పడుతోందట. పరుగులోనో, ఈతలోనో, ఉలిక్కిపడ్డప్పుడో లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చట. అది వంశంలో దిగి వస్తుందట. "స్పృహ తప్పే పిల్లల్లో చాలామందికి భయం లేదు. కానీ పరుగులో పడిన పిల్లను, ఇంట్లో ఇలాంటి చావు ఉన్న పిల్లను ఇంటికి పంపేయకూడదు" అందామె.

తర్వాత ఇంటిల్లిపాదిమీ ఈసీజీకి వరుసలో కూర్చున్నాం. వంశంలో జబ్బే లేదన్న నాకూ అదే తేడా దొరికింది. అత్త గుండె భేషుగ్గా ఉంది. ఆ కాగితం గల్లీ అంతా తిప్పి చూపించింది. తండ్రీకూతుళ్లం రోజూ మాత్ర వేసుకుంటున్నాం. పాప పందేలు ఆగాయి, చదువూ అల్లరీ ఆగలేదు.

కాలం ఎంతటి గాయాన్నైనా మాన్పుతుందంటారు. మా అత్త ఒక్క గాయాన్ని యాభై ఏళ్లు మాననివ్వలేదు, అందుకే నా కూతురికి ఈ నెలలో పదిహేనేళ్లు నిండాయి.