లోపలికి చూసే మొహాలు

ఆల్బంలో మొహాలు లోపలికి చూడాలన్నది గంగాప్రసాద్ మతం. మిగతా మతాల సంగతి అతనికి పెద్దగా పట్టదు. పెళ్లికూతురు పేజీ బయటికి చూస్తుంటే ఈ ఇంట్లో ఉండనని చెప్పినట్టే ఉంటుందట. అందుకని కంప్యూటర్‌లో ఆమెను కుడిఎడమలు మార్చి తిప్పేస్తాడు. కోరుట్లలో ఒక స్టూడియోలో నేర్చిన విద్య ఇది. ఒమన్‌కు సైట్ పనికని వచ్చి, సిమెంటు బస్తాలు మోసి, చివరికి అల్ ఖౌద్‌లో వజీర్ భాయ్ స్టూడియోలో మళ్లీ మౌస్ పట్టుకున్నాడు. పక్క కిరాణా షాపులో నా డ్యూటీ. ఇద్దరిదీ ఒకటే రూమ్, నేనతన్ని గంగన్న అంటాను.

ఒకసారి చనిపోయిన తండ్రినీ, ఊళ్లో బీడీలు చేసే తల్లి దేవవ్వనూ ఒకే ఫ్రేములో కలిపి ఫోన్లో పంపాడు. తల్లి తండ్రి వైపు చూడాలి కదా, ఆమెనూ తిప్పేశాడు.

"మీ నాయిన పక్కన గా ఆడామె ఎవ్వలురా?" అని దేవవ్వ అడిగింది.

"నువ్వేనే అవ్వా!"

"నేనైతే పైట గా బుజం మీదికెందుకేస్త? నేను గాదు."

గంగన్న పగలబడి నవ్వాడు. అవ్వకు చాదస్తం మొదలైందన్నాడు. నేనూ నవ్వాను, నాదేం పోయింది.

అతని మతానికి దెబ్బ కొట్టింది నొరికో మేడం. ఆమె భర్త ఇక్కడ ఇంజనీరు. ఏటా జపాన్‌లో తన చిన్న ఊరికి వెళ్లి ఫోటోలు తీసుకొస్తుంది. ఈసారి వాటితో ఆల్బం చేయమంది. తల్లికి గుండె ఆపరేషన్ ఉంది. ఆసుపత్రి మంచం మీద ఊరిని చూసుకుంటానని ఆవిడ అడిగిందట.

నేను కూడా తొంగి చూశాను. పాతకాలపు కిమోనోలు కట్టుకున్న అమ్మాయిలు కరెంటు రైల్లో వరసగా నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. గుడి పూజారి వేలాడే చేతుల అంగీతో స్కూటర్ మీద పోతున్నాడు. ఒక ఇంట్లో పెద్దల పటాల ముందు అన్నం పెట్టారు, అది వండిన కరెంటు కుక్కర్ పక్కనే ఉంది. మన ఇంట్లో తీసినట్టే అనిపించింది. గుడి కమాను మీదుగా కరెంటు తీగలు అడ్డొస్తే గంగన్న చెరిపేశాడు. ఆమె మళ్లీ పెట్టించింది. అవి లేకపోతే అది మా ఊరే కాదంది.

"పైసలిచ్చి వైర్లు వెట్టించుకునే కస్టమర్ను ఈమెనే సూసిన" అని గంగన్న గొణిగాడు.

చివరి పేజీలో తల్లి. నీలం కిమోనోలో ముసలావిడ ఫోన్ చేత్తో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. పేజీలో కూడా బయటికే. దాని గురించి మేడం ఏమీ చెప్పలేదు. గంగన్న ఊరుకుంటాడా, తిప్పేశాడు.

విమానం ఎక్కే రోజు నొరికో సూట్‌కేసుతోనే వచ్చింది. పేజీలు తిప్పుతూ మురిసిపోయింది. చివరి పేజీ దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన కోటు అంచులు పట్టుకుని, వచ్చీరాని హిందీలో చెప్పింది. బతికున్నవాళ్లకు కిమోనో ఎడమ అంచు పైకి వస్తుంది. కుడి అంచు పైకి వేసేది శవానికే, ఫోటోలో అలాగే ఉంది. ఆపరేషన్‌కు పోయే అమ్మ చేతికి దీన్ని ఎలా ఇవ్వనని ఏడ్చేసింది.

"యే క్యా కర్ దియా, గంగా!" అని వజీర్ భాయ్ కేకలేశాడు.

గంగన్న మొహం మాడిపోయింది. "మన దిక్కు గూడ పీనుగుకు అన్నీ ఉల్టానే జేస్తరు గదరా. గంత సోయి లేకపాయె" అని నాతో అన్నాడు. ఫోటోను తిరిగి సరిచేసి, ప్రింటు తీసి, పాత పేజీ ఊడదీసి కొత్తది అతికించాడు. అయినా మతం ఊరుకోనివ్వలేదు. బయటికి చూస్తోంది మేడం, పర్లేదా అని అడిగాడు.

చూడనీ, అంది నొరికో. మా అమ్మ ఎప్పుడూ వీధి వైపే చూస్తుంది, నేను వచ్చే దారి అదే.

కొన్నాళ్లకు వజీర్ భాయ్ ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. ఆపరేషన్ అయిన ముసలావిడ మంచం మీద ఆల్బం ఒళ్లో పెట్టుకుని నవ్వుతోంది. గంగన్న దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తన తల్లిదండ్రుల ఫ్రేము తెరిచాడు.

"పైట తప్పుందని అవ్వ జెప్తే నేను నవ్వితి గదరా" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ బాధేసింది, అతనితోపాటు నవ్వినవాణ్ణే కదా.

తల్లిని మళ్లీ తిప్పాడు. ఇప్పుడు తండ్రి ఆమె వైపు చూస్తున్నాడు, ఆమె అటు ఎటో చూస్తోంది. ఆ ఫోటో పంపి వీడియో కాల్ చేశాడు.

"గిప్పుడు నేనే" అంది దేవవ్వ.

"గని అవ్వా, నాయిన దిక్కు సూస్తలేవు. అలిగినట్టున్నవు."

"ఉండనీ కొడుకా. మొగని మొఖం సూడొద్దంటుండె మా అత్త. బతికున్నన్ని దినాలు నేనెన్నడు సక్కగ సూడనే లేదు." దేవవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయినైతే సూస్తుండె. పటంల గూడ గట్లనే ఉంది."