ఇల్లు ఖాళీయే, గల్లీ కుక్కలు ఒప్పుకోవాలి

హన్మకొండలో అందరికీ హైదరాబాద్ వెళ్తున్నానని చెప్పుకున్నాను. తీరా చూస్తే ఉద్యోగం నగరం బయట ఆదిభట్లలో. ఆఫీసు బస్సు ఇబ్రహీంపట్నం నుంచి ఉందన్నారు కాబట్టి ఇల్లు కూడా అక్కడే వెతకాలి. నాతోపాటు ఒక చిన్న బొచ్చుకుక్క ఉంది. ఎల్బీనగర్‌లో స్నేహితురాలి గదిలో ఇద్దరం దిగాం. వాళ్ళ ఓనరు కుక్కకు ఆదివారం దాకానే గడువిచ్చాడు. ఆలోపు ఇల్లు దొరక్కపోతే దాన్ని ఎవరికైనా ఇచ్చేయాల్సిందే. అమ్మకు ఆయాసం, ఆమె దగ్గర వదల్లేను.

ఫోన్‌లో అద్దె ఇళ్ళ యాప్ తెరిచి ‘పెట్స్ అలవ్డ్’ అని నొక్కితే ఇబ్రహీంపట్నంలో ఒక్క ఇల్లూ రాలేదు. అది తీసేసి, కనిపించిన నంబర్లన్నిటికీ ఫోన్ చేశాను. ఒకాయన చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

“కుక్క నీసు తింటదా?”

“తింటది.”

“మా బిల్డింగ్ల ఎవ్వరు తినరమ్మా.”

“సరే, దానికి చెప్పి చూస్త,” అని ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత మాట్లాడినామె, కుక్క నా మంచం మీదే పడుకుంటుందని తెలిసి, ఇంట్లో వాళ్ళందరికీ ఆ ముచ్చట చెప్పి నవ్వుతూనే కట్ చేసింది.

గురువారం సాయంత్రం కుక్కను తీసుకుని నేరుగా ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఒక గల్లీలో టు లెట్ బోర్డు కనిపించింది. కింద ఓనర్లు, పైన ఖాళీ పోర్షన్. వాకిట్లో ఒక పెద్దావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కుక్కను చూసి మొహం చిట్లించలేదు.

“నాకేం ఫికర్ లేదు బిడ్డా. గల్లీల నాలుగున్నయ్. గవి ఒప్పుకోవాలె.”

“ఎవరు, కుక్కలా? ఇయ్యనంటే ఇయ్యనని చెప్పు పెద్దమ్మా. గీ సాకులెందుకు?”

“అబ్బో, నీకు కోపం ముక్కు మీదనే ఉన్నది. పోయినేడు ఒకాయన గింత పెద్ద కుక్కను తెచ్చిండు. రోజూ కొట్లాటే. నెల తిరగకముందే ఖాళీ చేసిండు. కావల్నంటే గీ గల్లీల నడిపిచ్చి సూడు.”

నడిపించాను. పది అడుగులు వేశానో లేదో నాలుగూ మీదికొచ్చాయి. నేను గట్టిగా అరుస్తూ నా కుక్కను ఎత్తుకున్నాను. అవి ఇంకా ఎగిరాయి.

“ఎత్తుకోకు! ఎత్తుకుంటే ఇంకింత ఎగురుతయ్,” అంటూ పెద్దమ్మ వచ్చి వాటిని అదిలించింది.

ఒకటి తెలుసుకోవాలనిపించింది. “గివి ఎవరియి?” అని అడిగాను.

“ఎవరియి గావు. అందరియి.”

నల్లది పొద్దున టైలర్ ఇంట్లో తింటుందట, సాయంత్రం పెద్దమ్మ దగ్గర. ఒక్కో ఇల్లు దాన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది, అది అన్నిటికీ పలుకుతుంది. కట్టుబడి ఆగిపోయిన ఇంటి ముందు ఇసుక కుప్ప మీద కూర్చునే ముసలి ఆడకుక్కదే పెత్తనం. అది ఊరుకుంటే మిగతావీ ఊరుకుంటాయి. కుక్కల పెంపకం గురించి ఫోన్‌లో అప్పటిదాకా నేను చూసిన ఏ వీడియోలోనూ ఇది లేదు.

“నీ కుక్క పండుకునే బట్ట ఏదన్న ఇడిసిపో. దాని వాసనకు అలవాటు పడతయ్,” అంది పెద్దమ్మ.

శుక్రవారం నా కుక్క పాత తువ్వాలు తెచ్చి ఇసుక పక్కన పడేసి వెళ్ళాను. శనివారం వచ్చి చూస్తే ముసలిది దాని మీదే పడుకుని ఉంది. పెద్దమ్మ గేటు దగ్గర నిలబడింది. నేను ఒక చేత్తో కుక్కను ఎత్తుకుని, ఇంకో చేత్తో వీడియో తీయడానికి ఫోన్ పట్టుకున్నాను.

“కిందికి దించు. తాడు ఇడిసిపెట్టు.”

“కరిస్తే?”

“నేనున్న గద. తాడు గుంజుతుంటే నీ భయం దానికి ఎక్కుతది. ఆ ఫోన్ జేబుల పెట్టు. వీడియో తర్వాత.”

దించాను. తాడు విడవడానికే చాలాసేపు పట్టింది. మూడు కుక్కలు చుట్టూ చేరి వాసన చూశాయి. ఒకటి గుర్రుమంది. అరవబోయి పళ్ళు బిగించుకున్నాను. నా కుక్క వెల్లకిలా పడి పొట్ట చూపించింది. ఇంట్లో నా మీదే మొరిగే కుక్క! ముసలిది మెల్లగా లేచి వచ్చి, దాని చెవి దగ్గర ముక్కు పెట్టి, కాసేపు ఆలోచించినట్టు నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి ఇసుక ఎక్కి పడుకుంది. మిగతావి ఎటువి అటు పోయాయి.

“అయిపాయె,” అంది పెద్దమ్మ. “కుక్క సంగతి తేలింది. ఇగ నీ సంగతి చెప్పు. గల్లీల ఎవరి మీదన్న మొన్న నా మీద చేసినట్ల లొల్లి చేస్తవా?”

“నేనెందుకు చేస్త?” అన్నాను. గొంతు అప్పటికే పైకి లేచింది.

ఆమె నా వైపు, తర్వాత కుక్క వైపు చూసింది. “నీ కన్న ఇదే జర నయం,” అని తాళంచెవి తేవడానికి లోపలికి వెళ్ళింది.