లంకత్తకు మోసుకెళ్లిన వార్త

ఈ ఉదయం పుంటికూర కోస్తుంటే నా చేతులు వాటంతటవే కొసల దగ్గర ఆగాయి. ఆకులన్నీ దూసేయకుండా, రెండు చేతులతో లేత చిగుళ్లనే గిల్లుతున్నాను. ఈ గిల్లుడు నాది కాదు. వరంగల్‌లో మా వెనకింట్లో ఉండిన లంకత్తది.

ఆమె లంకలో తేయాకు తోటల్లో పుట్టిన తమిళ మనిషి. తాతల కాలంలోనే కూలికి అక్కడికి తీసుకుపోయారట. కొండల మీద ఎంత ఆకు కోసినా ఆ దేశం వాళ్లను తనవాళ్లనలేదు. ఇండియా, లంక ప్రభుత్వాలు ఆ మనుషులను పంచుకున్నప్పుడు అత్త ఇటు వచ్చి నూలు మిల్లులో పనికి చేరింది. చెల్లెలు మాత్రం ఎవరి వాటాలోనూ పడక, ఏ దేశమూ లేకుండా అక్కడే మిగిలింది. వచ్చిన కొత్తలో మా అమ్మ పెరట్లో పుంటికూర కోసుకోమంటే, అత్త గిల్లిన చిగుళ్లను భుజం మీదుగా వెనక్కి విసిరింది. వీపున తోటలో మోసే గంప ఉందనుకుంది! ఆకంతా నేలపాలు. "ఏంది వదినా, భూమికి పెడ్తానవా కూర?" అని అమ్మ పడీపడీ నవ్వింది. అత్తా నవ్వింది గానీ, తర్వాత వీపు తడుముకుంటూ చాలాసేపు అలాగే నిలబడింది.

మా పేటలో తమిళం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. మా మగ్గం చప్పుడు ఆగాక, సాయంత్రాలు గడపలో కూర్చుని అత్త తమిళంలో తనలో తానే మాట్లాడుకునేది.

"ఎవలతోని మాట్లాడ్తానవత్తా?"

"మా చెల్లెతోని. దానికి ఈ దేశపు కాయితం దొరికితే ఓడెక్కి నా దగ్గరికే వస్తది."

అక్కడ ఆమెను ఇండియా దాన్నన్నారు. ఇక్కడ పిల్లలు రావణుడి చుట్టమని ఏడిపించారు. "మా అసొంటోళ్లకు, ఇది మీది, ఎవ్వలు పొమ్మనరు అనేటి జాగ ఒకటి ఉండొద్దా బిడ్డా?" అని ఒకసారి అడిగింది.

ఎనభైల చివర పేపరులో నా డిగ్రీ ఫలితాలొచ్చాయి. మా వంశంలోనే మొదటి డిగ్రీ! లైబ్రరీలో అదే పేపరులో ఇంకో వార్త కనిపించింది. దేశం లేకుండా మిగిలినవాళ్లకు లంక ప్రభుత్వమే పౌరసత్వం ఇస్తుందట. మా ఇల్లు కూడా దాటేసి ముందు అత్త దగ్గరికే ఉరికాను.

"అత్తా! నేను పాసైన! ఇంకోటి చెప్పాల్నా? మీ చెల్లెకు దేశం దొరుకుతాంది!"

ముందు నా పాసుకని నోట్లో ఇంత చక్కెర పోసింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది.

"అయితే ఇగ దాన్ని ఎవ్వలు ఎల్లగొట్టరు గద?"

"ఎవ్వలు ఎల్లగొట్టరు. ఓటు గూడ ఏస్తది."

ఆమె మొహం వెలిగింది. నేను చదివిన రాజనీతి పాఠమంతా గడగడా అప్పజెప్తున్నాను. మధ్యలో మెల్లగా అడిగింది.

"అంటే... ఇగ ఇటు రాదన్నట్టే గద బిడ్డా?"

"సూసి పోనీకి వస్తదత్తా," అన్నాను.

"ఆ. చుట్టం లెక్క," అంది.

ఎదురుచూసినన్నాళ్లూ కాలం ఆమెకు తోడుగా ఉండేది. ఆ రోజు నుంచి అది ఊరికే గడిచిపోవడం మొదలుపెట్టింది.