మూత వెనక గాటు

మిల్‌గ్రోవ్ ఊళ్లో గుమ్మడికాయకి ముఖం చెక్కడం ప్రతివాళ్లకీ వచ్చు. మూత కోయడం మాత్రం ఆర్లో స్టాటన్ ఒక్కడికే వచ్చు. కత్తిని నిలువుగా దింపితే మూత లోపలికి జారి, కాయలో వెలిగించిన కొవ్వొత్తి మీద కూలుతుంది. మొన కాయ నడుమకి చూసేలా కత్తిని ఏటవాలుగా పట్టి చుట్టూ కోయాలి. అప్పుడు మూత అంచు మీద కుదురుగా కూర్చుంటుంది. తీసిన మూత మళ్లీ ఎటు తిప్పి పెట్టాలో తెలియడానికి వెనకవైపు మూతకీ కాయకీ కలిపి చిన్న గాటు ఒకటి పెట్టాలి. విద్య ఇంతే. ఇరవై ఏళ్లు వీధి వీధంతా చూస్తూ నిలబడింది గానీ ఒక్కరూ నేర్చుకోలేదు. ఆర్లో ఉండగా మనకెందుకులే అనుకున్నారు.

కుర్రతనంలో ఆయన గుమ్మడి గుజ్జు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో కాయలు చీల్చేవాడు. ఆ కత్తి అక్కడిదే. తర్వాత యుద్ధానికి వెళ్లొచ్చాడు, వెల్మాని పెళ్లాడాడు, స్కూలు బస్సు డ్రైవరుగా చేరాడు. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కానీ అక్టోబరు చివర ఇంటింటి గుమ్మం మీదా గుమ్మడి దీపాలు పెట్టే హాలోవీన్ పండక్కి ముందు వచ్చే శనివారం మధ్యాహ్నం చూడాలి, వాళ్ల వెనక వరండా నిండా పిల్లలే. బల్ల మీద పాత పేపర్లు, కింద గింజల బకెట్లు, చేతుల్లో మోయలేని కాయలు.

"ఈ గాటెందుకు, మిస్టర్ ఆర్లో?" అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు.

"మూతకి ఇంటి దారి తెలియాలిగా! లేకపోతే పక్కింటి కాయ మీదికెళ్లి కూర్చుంటుంది."

పిల్లలు పడీ పడీ నవ్వేవారు. అందరికంటే గట్టిగా మూలింటి కేస్లర్ల అమ్మాయి ట్రూడీ నవ్వేది. ఏటా వీధిలోకెల్లా పెద్ద కాయ దానిదే. నోరూ దానిదే పెద్దది.

ఒక ఫిబ్రవరి పొద్దున వంతెన మీద గడ్డకట్టిన మంచుకి ఆర్లో నడుపుతున్న బస్సు జారి వాగులోకి ఒరిగింది. ఇరవై ముగ్గురు పిల్లలు గీరుకుపోయిన మోచేతులతో, చిట్లిన పెదాలతో బయటపడ్డారు. ట్రూడీ బయటపడలేదు. దానికి తొమ్మిదేళ్లు.

విచారణ జరిగింది. డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. వంతెన మీద మంచు కరగడానికి ఉప్పు చల్లారో లేదో ఫోను చేసి కనుక్కుందామనుకుని, ఆలస్యమవుతుందని మానేశానని ఆర్లో తనంతట తనే చెప్పుకున్నాడు. అది నీ పని కాదన్నారు. ఆయన వినలేదు. బస్సు తాళాలు అప్పగించి ఇంటికి నడిచి వచ్చేశాడు.

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి మూత పెట్టలేమంటారు. మిల్‌గ్రోవ్ నోరు తనంతట తనే మూతపడింది. అది ఇంకా భరించలేని సంగతి. ఎదురైతే అందరూ పలకరించేవారు, మొక్కజొన్న ఎలా ఉందో చెప్పేవారు, వెళ్లిపోయేవారు. ఎవరైనా మాటవరసకి మంచు అన్నా చాలు, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆర్లో అక్కణ్ణుంచి లేచిపోయేవాడు.

ఆ అక్టోబరులో ఆయన ఎప్పట్లాగే పేపర్లు పరిచి కత్తి నూరుకుని కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. హాలోవీన్ సాయంత్రం వీధిలోకి వెళ్లి చూస్తే ఏముంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా గుమ్మాల మీద మూతలు కూలిన కాయలే. కొన్నింటికి పుల్లలు గుచ్చి నిలబెట్టారు. కొన్నింట్లో కొవ్వొత్తి ఆరిపోయింది. మూలింటి గుమ్మం మీద కాయే లేదు, దీపమూ లేదు. తన మెట్లెక్కడం కన్నా మూత కూలితేనే నయమనుకున్నారన్నమాట! ఆర్లోకి ఏడుపొచ్చింది. వెల్మా చూడకుండా కాసేపు బయటే తిరిగి ఇంటికొచ్చాడు.

మరుసటి ఏడు అదే శనివారం ఆయన మళ్లీ పేపర్లు తీస్తుంటే వెల్మా గుమ్మంలో నిలబడింది.

"ఎవరొస్తారని ఆర్లో? ఆ కత్తి నూరీ నూరీ పుల్లయిపోయింది."

"ఎవరూ రాకపోతే నీకే కోస్తా ఓ మూత."

"దేనికి, నా నోటికా? దానికి సరిపడే కాయ ఈ జిల్లాలో పండలేదు."

ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. ఇద్దరూ అంతకుముందే ఒక మాట అనుకున్నారు. ఈ ఏడు కూడా ఎవరూ రాకపోతే ఇల్లు అమ్మేసి, వెల్మా అక్క ఉండే పియోరియాకి వెళ్లిపోవడమే. పుట్టిన ఊళ్లో పరాయివాళ్లలా బతకడం ఇద్దరి వల్లా కావడం లేదు.

రెండయింది. మూడయింది. వెల్మా లోపల గిన్నెలు సర్దుతోంది, అవసరమైన దానికన్నా ఎక్కువ చప్పుడు చేస్తూ. నాలుగవుతుండగా వెనక గేటు కిర్రుమంది.

ట్రూడీ తల్లి నోరీన్ బొమ్మబండి ఒకటి లాక్కుంటూ వచ్చింది. పక్కన ఆరేళ్ల పెగ్గీ, ట్రూడీ చెల్లెలు. బండిలో రెండు కాయలున్నాయి. ఒకటి మూత లోపల పడి, నోరు తెరుచుకుని ఉంది. రెండోది ఇంకా కోయలేదు.

"వాళ్ల నాన్న కోశాడు," అంది నోరీన్. "చూశారుగా ఎలా కోశాడో. పొద్దుట్నించీ ఒకటే ఏడుపు ఇది."

ఆర్లో లేచి నిలబడ్డాడు.

"మిమ్మల్ని క్షమించి వచ్చాననుకోకండి. క్షమించానో లేదో నాకే తెలీదు. ఓ రోజు క్షమించినట్టే ఉంటుంది, తెల్లారితే ఉండదు. దీనికి మూత కావాలి, అంతే."

"ఆ రోజు నేను ఫోను చెయ్యాల్సింది, నోరీన్."

"తెలుసు. మీరు చెప్పినప్పుడు నేనక్కడే కూర్చుని ఉన్నా." ఆమె కాయ ఎత్తి బల్ల మీద పెట్టింది. "కొయ్యండి."

ఆయన కత్తి తీసుకున్నాడు. మొన తొడిమ దగ్గరికి వెళ్లింది గానీ అక్కడే ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు, కాయ పక్కకి దొర్లింది. నోరీన్ చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులతో కాయని అటూ ఇటూ గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్లు కత్తికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. వాటినామె వెనక్కి తీసుకోలేదు. ఆర్లో కత్తిని ఏటవాలుగా దింపాడు.

చుట్టూ కోసుకుంటూ వెనక్కి వచ్చి గాటు పెట్టాడు. పెగ్గీ బల్ల అంచు మీద గడ్డం ఆనించి చూస్తోంది.

"ఇదెందుకు?"

ఆర్లో నోరు తెరిచాడు. ఇరవై ఏళ్లు చెప్పిన మాటే, ఒక్క ముక్క రాలేదు.

"మూతకి ఇంటి దారి తెలియాలి," అంది నోరీన్, కాయ మీద నుంచి కళ్లెత్తకుండా. "లేకపోతే పక్కింటి కాయ మీదికెళ్లి కూర్చుంటుంది. మీ అక్క ఏటా ఇంటికొచ్చి నాకు చెప్పేది. నాకేమీ తెలీనట్టు."

పెగ్గీ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు అక్క నవ్వే. పెద్దవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. పెగ్గీ మాత్రం మూత తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, గాటులో గాటు పడేదాకా తిప్పి కూర్చోబెట్టింది.

నోరీన్ చేతులు తుడుచుకుని సంచి అందుకుంది. థాంక్స్ అనలేదు. వస్తామని మాత్రం అంది. బండి గేటు దాకా వెళ్లాక ఆర్లో బల్ల మీద తడిసిన పేపర్లు మడవబోయాడు.

వంటింటి కిటికీలోంచి వెల్మా గొంతు వినిపించింది.

"పేపర్లు తియ్యకు, ఆర్లో. గేటు బయట కాయలు పట్టుకుని ఇంకా ఎవరో నిలబడ్డారు."