దేవుడమ్మ భుజం ఎత్తు

మలేషియాలోని సుంగై సుమున్‌లో ఆ వారమంతా ఒకటే మాట, కొత్త పికప్. పాత మోడల్ పేరు మాత్రం ఉంచి మిగతాదంతా మార్చేశారట. ఒళ్ళు పెంచారు, ఎత్తు పెంచారు, ముందుభాగాన్ని గోడలా నిలబెట్టారు. ఇంజిన్ని మాత్రం చిన్నది చేసి దానికి బ్యాటరీ మోటారు తోడిచ్చారు. దీనిమీద అభిప్రాయం లేని మగాడు ఆ వీధిలో లేడు. పక్కింటి వేలుకి దీపాలు నచ్చాయి, ముక్కు నచ్చలేదు. అతనికి ఉన్నది ఒక సైకిలు. అయినా ఇంజిన్ లాగుడు గురించి అరగంట మాట్లాడి, కాఫీ తాగి మరీ వెళ్ళాడు. వినోద్‌కుమార్‌కి అన్నీ నచ్చాయి. అతని తండ్రి అప్పడు డీజిల్ తప్ప దేన్నీ నమ్మని మనిషి, ఆయన కూడా ఫోన్లో ఆ బండి వీడియోలు చూసీ చూసీ మెత్తబడిపోయాడు. వాళ్ళ పాత పికప్‌కి పంతొమ్మిదేళ్ళు. అడుగంతా తుప్పు. కొత్తది కొనాలి, అది నిజమే.

ఎవరూ అడగనిది అప్పడి పెళ్ళాం దేవుడమ్మని. ఆ బండిలోకి గెలలు ఎత్తేది ఆమె. అప్పడు నడుపుతాడు, కొడుకు వినోద్ పొడుగాటి కొడవలితో పామాయిల్ గెలలు కోస్తాడు, ఎత్తడం మాత్రం దేవుడమ్మ పని. ముప్ఫై ఆరేళ్ళుగా అదే పని. బండి గురించి ఇంట్లో ఎక్కువ తెలిసిన మనిషి ఆమే. కానీ తెలుసని ఎవడికి తట్టింది?

ఆమె పుట్టింది బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోట కూలీల లైన్ ఇళ్ళలో. తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె చేతికి రబ్బరు కత్తి వచ్చేసరికి రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేశారు. పద్నాలుగో ఏట రాలిన పళ్ళు ఏరడంతో మొదలుపెట్టింది. పెళ్ళై సుంగై సుమున్ వచ్చాక ఇనుప చువ్వ పట్టింది. మనిషి ఐదడుగులు లేదు. ఇరవై కిలోల గెలకి చువ్వ గుచ్చి, మోకాలి దగ్గర ఒక ఊపు, నడుం దగ్గర ఇంకో ఊపు ఇచ్చి వదిలితే, గెల పక్కగోడ దాటి బండిలో పడాల్సిందే. బలం చేతిలో ఉండదు, నడుంలో ఉంటుంది అంటుంది. చుట్టుపక్కల తోటల్లో మగాళ్ళు కూడా ఆమె ఊపు చూసి నేర్చుకున్నారు.

బండి చెట్ల వరసల మధ్య నడక వేగంతో కదులుతుంది. పక్కగోడ మీద ఆమె ఒక దెబ్బ చరిస్తే ఆగాలి, రెండు చరిస్తే కదలాలి. అప్పడు అద్దం దించుకుని ఆ దెబ్బలు వింటాడు. ఆమె ఇంజిన్ వింటుంది. కదిలే ముందు పాత బండి ఒకసారి గుర్రుమంటుంది, అప్పుడామె పక్కకి జరుగుతుంది. తిరిగి చూడక్కర్లేదు.

తోటలో బరువుతో నడిపి చూస్తేగానీ కొననని అప్పడు పట్టుబట్టాడు. సరేనని శనివారం పొద్దున్న షోరూమ్ సేల్స్‌మన్ సుగుమారన్ బండి వేసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. దేవుడమ్మ ముక్కూ చూడలేదు, దీపాలూ చూడలేదు. తిన్నగా పక్కగోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. పాత బండి గోడ ఆమె గుండెల దాకా వస్తుంది. ఇది గడ్డం దాకా వచ్చింది. గోడ ఎత్తుగా ఉంటే బండి కండలు తిరిగినట్టు కనిపిస్తుందనీ, కొత్త డిజైన్‌లో గొప్పంతా అదేననీ సుగుమారన్ తమిళంలో వివరించాడు. కండలట! ఎత్తేవాళ్ళ కండలు ఏమైపోయినా ఫరవాలేదు, బండికి మాత్రం కండలుండాలి.

"ఏటయ్యా, ఈ గోడ సూసినావా?" అని మొగుణ్ణి అడిగింది.

"సూసినాను లా. గట్టి బాడీ," అన్నాడు అప్పడు, అక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి, స్టీరింగు మీద చెయ్యి తీయకుండా.

మొదటి నాలుగు గెలలు అంచుకి రాసుకుంటూ పోయాయి. నాలుగోదానికి భుజంలో కలుక్కుమంది. ఐదోది గోడకి తగిలి వెనక్కి పడింది. పెయింటు మీద జానెడు గీత. సుగుమారన్ పరుగెత్తుకొచ్చి రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఆంటీ, షోరూమ్ బండి ఇది!"

"అమ్మా, మెల్లగా ఎయ్యి," అన్నాడు వినోద్.

మెల్లగా! ఇరవై కిలోల గెలని గడ్డం ఎత్తుకి మెల్లగా ఎలా వేస్తారో ఆ మహానుభావుడు ఒకసారి వేసి చూపిస్తే బాగుండేది. చూపించలేదు. వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. సుగుమారన్ వెనక సీట్లో ఎక్కి, "అంకుల్, అద్దాలు మూసి ఏసీ వెయ్యండి, లోపల ఎంత నిశ్శబ్దమో తెలుస్తుంది," అన్నాడు. అప్పడు అద్దాలు మూసేశాడు.

మళ్ళీ ఒక గెల వెనక్కి పడి, దొర్లి, బండి వెనక చేరింది. దేవుడమ్మ గోడ మీద ఒక దెబ్బ చరిచి, దాన్ని తీయడానికి వంగింది. లోపల అప్పడికి ఆ దెబ్బ వినబడలేదు. కదలమనే దెబ్బల కోసం కాసేపు ఆగాడు. ఆవిడ రెండు దెబ్బలూ కొట్టే ఉంటుంది, అద్దాలు మూసి ఉన్నాయి గనక తనకే వినబడలేదు అనుకున్నాడు. తర్వాతి గెలల కుప్ప వెనక ఉంది. రివర్స్ వేశాడు. వెనక కెమెరాకి బురద కొట్టుకుని, తెర మీద ఏమీ కనిపించలేదు. బ్యాటరీ మీద కదిలే బండి గుర్రుమనలేదు, కనీసం మూలగనైనా లేదు. బంపర్ తుంటికి తగిలేదాకా దేవుడమ్మకి అది కదిలిందని తెలియదు. వెళ్ళి పక్కనున్న కాలవలో పడింది.

ఆమె కేకకి ముగ్గురూ దిగారు. వినోద్ నడుంలోతు బురదనీళ్ళలోకి దూకి తల్లిని లేవదీశాడు. అప్పడు గట్టు మీదే కూలబడ్డాడు. సుగుమారన్ బండి వెనక్కి వెళ్ళి, వంగి, బంపర్ చూశాడు. మనిషి కాలవలో ఉంటే బంపర్ చూశాడు! తర్వాత తలెత్తి, "ఆంటీకి ఏం కాలేదు కదా?" అన్నాడు.

ఎముకలు విరగలేదు. తుంటి కమిలింది. వినోద్ తల్లిని గట్టు మీద కూర్చోబెట్టాడు.

"అమ్మా, నువ్వింక తోటకి రావద్దు. ఎవడైనా పొడుగాటి మనిసిని పెట్టుకుందుం. నువ్వు ఇంటికాడ సుకంగా ఉండు."

భయంతో అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. కానీ బంపర్ దెబ్బ కంటే ఆ మాటే ఆమెకి ఎక్కువ తగిలింది.

"ఏటి? బండి ఎత్తు పెంచినారని మనిసిని మారుస్తావా? గోడ ఎత్తుది, బండి మూగది, పొట్టిదాన్నని తప్పు నాదా? ముప్పై ఆరేళ్ళు ఎత్తినాను. ఒక్కనాడు కింద పడేసినానా? ఈ గెలలెత్తే నిన్ను సదివించినాను. ముక్కు సూసినారు, దీపాలు సూసినారు, లోపల ఏసీ సూసినారు. బండెనకాల నానున్నానని ఒక్కడైనా సూసినారా? ఇంటికాడ కూకోడానికి నానేటి తుప్పు పట్టినానా?"

అప్పడు లేచి, తాళం తీసి సుగుమారన్ చేతిలో పెట్టాడు. "తీసుకెల్లిపో తంబీ," అన్నాడు. షోరూమ్‌లో అందరికీ ఈ బండి తెగ నచ్చిందని సుగుమారన్ ఏదో చెప్పబోయాడు గానీ, దేవుడమ్మ చేతిలో చువ్వ చూసి ఆపేశాడు.

సోమవారం పాత బండే గెలలతో పామాయిల్ మిల్లు తూకం దగ్గర వరసలో నిలబడింది. దేవుడమ్మ తుంటికి తైలం రాసుకుని, ఎవరు వద్దన్నా వినకుండా వచ్చి, వినోద్ పక్కన కూర్చుంది. డ్రైవర్లు దిగి గుంపుకట్టారు. లారీ నడిపే యోగేశ్వరన్ అడిగాడు, "ఏటి అప్పడన్నా, కొత్త బండి కొంతావన్నారు, కొననేదా?"

అప్పడు గొంతు సవరించుకున్నాడు. "ఇంజిన్ సాలదు లా. బరువుకి నిలబడదు. బ్యాటరీ బండి, బొమ్మ బండి."

అంతే, మళ్ళీ మొదలైంది. డీజిల్ మేలని ఒకడు, బ్యాటరీ లాగుతుందని ఇంకొకడు. ఇంజిన్ ఎంత చిన్నదైతే ఎంత నష్టమో యోగేశ్వరన్ వేళ్ళు మడిచి లెక్కచెబుతున్నాడు. అప్పడు తల ఊపుతున్నాడు.

దేవుడమ్మ బండిలోంచి అంతా విన్నది. చచ్చి బతికిన మనిషి పక్కనే ఉంటే, నేరం ఇంజిన్ మీదకి తోసేశాడు. తలుపు తీసుకుని, కుంటుకుంటూ వచ్చి గుంపు మధ్యలో నిలబడింది.

"అబద్దం. ఇంజిన్‌కి ఏటీ అవనేదు, బాగానే లాగుతాది. కొననిది ఎందుకో ఉన్నది సెప్పు."

తొమ్మిది మంది మగాళ్ళు అప్పడి వైపు చూశారు. ఆయన నేల చూశాడు.

"దేవుడమ్మకి గోడ అందనేదు," అన్నాడు లోగొంతుకతో. "నాను ఎనక్కి సూసుకోనేదు. గుద్దీసినాను."

"ఇంకోపాలి సెప్పు," అంది దేవుడమ్మ. "ఈల్లకి ఇనబడనేదు."